చేతనైన పని, అడిగిన చోట



పదవీ విరమణ అనగానే మనకు గుర్తొచ్చేవి పింఛను, మోకాళ్ల నొప్పులు, మనవల చదువులు. ఈరోజు నేను ఇంకో రకం విరమణ జీవితం గురించి చెబుతాను. అరవై దాటిన భార్యాభర్తలు. పిల్లల పెళ్లిళ్లు అయిపోయాయి. సొంత ఇల్లుంది. ఒకరోజు ఆ ఇంటికి తాళం వేస్తారు. తాళంచెవి కొడుక్కో కూతురికో ఇస్తారు. ఇద్దరూ కలిసి ఎన్నడూ చూడని దేశానికి బయల్దేరతారు. ఏడాదో ఏడాదిన్నరో అక్కడే ఉంటారు. జీతం ఉండదు. తమ ఖర్చు తామే పెట్టుకుంటారు. వీళ్లను సీనియర్ మిషనరీ దంపతులు అంటారు.

వాళ్ల రోజు ఎలా గడుస్తుంది? పొద్దున్నే లేచి ఏం చేస్తారు? మన ఇళ్లలో పెద్దవాళ్లకు అందులో పనికొచ్చేది ఏమైనా ఉందా? ఉంది. దాన్ని ముందే చెప్పేస్తాను, మధ్యమధ్యలో మళ్లీ గుర్తు చేస్తాను. మీకు చేతనైన పనినే తీసుకెళ్లండి. అక్కడివాళ్లు అడిగిన చోటే ఆ పని చేయండి. చేతనైన పని. అడిగిన చోట. ఈ రెండూ కలిస్తేనే సేవ నిలుస్తుంది. మొదటిది లేకపోతే వెళ్లినవాళ్లు అలసిపోతారు. రెండోది లేకపోతే పిలిచినవాళ్లు ఇబ్బంది పడతారు.

ముందు వీళ్లెవరో చూద్దాం. మిషనరీలను పంపే సంస్థలు లోకంలో చాలా ఉన్నాయి. నేను చెప్పబోయేది ఒక్క చర్చి గురించి. దాని పూర్తి పేరు ద చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్ డే సెయింట్స్. మోర్మన్ చర్చి అంటే కొందరికి తెలుస్తుంది. అమెరికాలో యూటా రాష్ట్రం, సాల్ట్ లేక్ సిటీలో ఉంది వాళ్ల కేంద్రం. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్లటి పేరు పలక పెట్టుకుని ఇద్దరిద్దరుగా తిరిగే కుర్రాళ్లను మీరు చూసి ఉండవచ్చు. వాళ్లు ఈ చర్చివాళ్లే. అబ్బాయిలు రెండేళ్లు, అమ్మాయిలు ఏడాదిన్నర అలా సేవ చేస్తారు. 2012 అక్టోబరులో కనీస వయసును అబ్బాయిలకు 18 ఏళ్లకు, అమ్మాయిలకు 19 ఏళ్లకు తగ్గించారు.

ఆ కుర్రకారు వెనకాల పెద్దవాళ్లు ఉంటారు. మనకు వీధిలో కనబడరు. వాళ్లే ఈ సీనియర్ దంపతులు. వాళ్లకు ఆరు నెలల నుంచి ఇరవై మూడు నెలల దాకా గడువు ఉంటుంది. ఇంట్లో వీళ్ల మీద ఆధారపడ్డ పిల్లలు ఉండకూడదు. ఆరోగ్య పరీక్షలు చేయించుకోవాలి. వైద్య బీమా ఉండాలి. అద్దె, తిండి, మందులు సొంత డబ్బుతోనే. కొన్ని దేశాల్లో అద్దెలు మరీ ఎక్కువని చాలామంది వెనకాడేవారు. అందుకని 2011లో ఒక ఏర్పాటు వచ్చింది. ఇంటి ఖర్చు నెలకు 1,400 డాలర్లు దాటితే, ఆ పై మొత్తం చర్చి భరిస్తుందని చెప్పారు.

ఇక్కడ ఒక మాట. నేను ఈ చర్చి సభ్యురాలిని కాను. మతం మార్చుకోమని ఎవరికీ చెప్పడానికి రాలేదు. ఎవరి నమ్మకం వాళ్లది. నేను బడిలో పాఠాలు చెప్పి విరమించినదాన్ని. భార్యాభర్తలు ఇద్దరూ కలిసి ముసలితనంలో ఒక పని భుజాన వేసుకోవడం అన్నది నన్ను కదిలించింది. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

మనం ఒక చోటు పెట్టుకుని మాట్లాడుకుందాం. పసిఫిక్ సముద్రంలో సమోవా అనే చిన్న దేశం ఉంది. జనం రెండు లక్షల పైచిలుకు. రాజధాని అపియా. ఈ చర్చి మిషన్ సమోవా దీవుల్లో అధికారికంగా మొదలైంది 1888లో. దాన్ని మొదలుపెట్టినవాళ్లు కూడా భార్యాభర్తలే. జోసెఫ్ డీన్, ఫ్లోరెన్స్ డీన్. చంకలో పసిబిడ్డతో దిగారు. ఇప్పుడు అక్కడ చర్చి నడిపే బళ్లు ఉన్నాయి. ఆఫీసు ఉంది. దీవుల నిండా పడుచు మిషనరీలు ఉన్నారు. అందుకే సీనియర్ దంపతులకు అక్కడ పని ఎప్పుడూ ఉంటుంది.

సమోవా మనకు బొత్తిగా కొత్త కాదు. కోనసీమ లాగే ఎటు చూసినా కొబ్బరి చెట్లు, అరటి చెట్లు. సీమపనస ఉంటుంది. చేమ దుంప వాళ్ల ముఖ్యాహారం. లేత చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి, పొట్లం కట్టి, కాలిన రాళ్ల మధ్య ఉడికిస్తారు. ఆ ఊళ్లలో పాత పద్ధతి ఇళ్లకు గోడలుండవు. గుండ్రటి కప్పు, చుట్టూ స్తంభాలు. వాన వస్తే అల్లిన చాపలు కిందికి దించుతారు. సాయంత్రం ప్రార్థన వేళకు చాలా ఊళ్లలో శంఖం ఊదుతారు, లేదా గంట కొడతారు. అప్పుడు ఊరి దారిలో ఎవరూ నడవకూడదు. కారైనా ఆపాలి. ఎవరింట్లో వాళ్లు కూర్చుని ప్రార్థన చేసుకుంటారు. మళ్లీ శంఖం ఊదాక దారి తెరుచుకుంటుంది. కొత్తగా వెళ్లిన అమెరికా దంపతులు మొదట నేర్చుకునేవి ఇలాంటివే. చేయాల్సిన పని కన్నా ముందు, ఆగాల్సిన చోటు నేర్చుకోవాలి.

కారు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. అమెరికాలో రోడ్డుకు కుడివైపు నడుపుతారు. సమోవాలోనూ అలాగే ఉండేది. 2009 సెప్టెంబరు 7న దేశం మొత్తం ఎడమవైపుకు మారింది. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల నుంచి వాడిన కార్లు చవగ్గా తెచ్చుకోవచ్చని ఆ మార్పు. మంచిదే. కానీ నలభై, యాభై ఏళ్లు కుడివైపు నడిపిన మనిషికి డెబ్భై ఏళ్ల వయసులో ఎడమవైపు అలవాటు చేసుకోవడం చిన్న విషయం కాదు. దారిలో కుక్కలు, పందులు, పిల్లలు. వీధి దీపాలు తక్కువ. అందుకని ఆయన స్టీరింగు దగ్గర కూర్చుంటే, ఆమె పక్కనుంచి ప్రతి మలుపులో ఎడమ, ఎడమ అని చెబుతూ ఉంటుంది. పనంతా ఇద్దరూ కలిసి చేయడం అంటే ముందు ఇదే.

ఇప్పుడు వాళ్ల రోజు చూద్దాం. వేడెక్కకముందే లేస్తారు. మోకాళ్ల మీద ప్రార్థన. కాసేపు గ్రంథ పఠనం. కాఫీ ఉండదు, టీ ఉండదు. ఆ చర్చివాళ్లు కాఫీ, టీ, మద్యం, పొగాకు ముట్టరు. మన తెలుగు ఇంటికి అలాంటివాళ్లు అతిథిగా వస్తే గృహిణికి ముందు ఏం తోచదు. కాఫీ ఇవ్వకుండా మర్యాద ఎలా జరుగుతుంది? మజ్జిగ ఇవ్వండి, నిమ్మరసం ఇవ్వండి, హాయిగా తాగుతారు.

తర్వాత పని. ఏం పని? ఇక్కడే చాలామంది అనుకునేది వేరు, జరిగేది వేరు. ఇంటింటికీ తిరిగి బోధ చేయడం వీళ్ల ముఖ్యమైన పని కాదు. దానికి కుర్రవాళ్లున్నారు. ఆయన ఊళ్లో బ్యాంకులో పనిచేసి ఉంటే, ఇక్కడ మిషన్ ఆఫీసులో లెక్కలు చూస్తాడు. అద్దెలు, కరెంటు బిల్లులు, కార్ల మరమ్మతులు, వీసా కాగితాలు. ఏ కుర్రాడి వీసా ఏ నెలలో ముగుస్తుందో ఆయన పుస్తకంలో ఉంటుంది. ఒక్కటి మరిచిపోతే ఆ కుర్రాడు దేశం వదిలి పోవాల్సి వస్తుంది. ఆమె టీచరు అయి ఉంటే చర్చి నడిపే బడిలో కుర్ర టీచర్ల తరగతికి వెళ్లి వెనక బెంచీలో కూర్చుంటుంది. పాఠం అయ్యేదాకా నోరు విప్పదు. తర్వాత ఇద్దరూ చెట్టు కింద కూర్చుంటారు. ఆ మూడో వరుసలో పిల్లాడు ఎందుకు మాట్లాడలేదంటావ్ అని అడుగుతుంది. నాకు ఆ ప్రశ్న ఎంతో విలువైనదిగా అనిపిస్తుంది. ఇన్‌స్పెక్టరు అడిగే ప్రశ్న కాదది. పిల్లల మొహాలు చూసి చూసి పండిపోయిన టీచరు అడిగే ప్రశ్న. ఆమెకు ఎన్నో ఏళ్లుగా చేతనైన పని అదే. ఆ బడికి కావలసిందీ అదే.

చేతనైన పని. అడిగిన చోట.

ఇంకో పని ఉంది. అది ఏ ఉద్యోగంలోనూ నేర్పరు. పడుచు మిషనరీలు ఉండే ఇళ్లను చూసి రావడం. అప్పుడప్పుడు వెళ్తారు. ఇల్లు శుభ్రంగా ఉందా, దోమతెర చిరిగిందా, గ్యాసు గొట్టం పగిలిందా, పొగ వస్తే మోగే అలారంలో బ్యాటరీ ఉందా అని చూస్తారు. ఫ్రిజ్ తెరిచి చూస్తారు. పద్దెనిమిదేళ్ల మగపిల్లలు నలుగురు ఉన్న ఇంట్లో ఫ్రిజ్ ఎలా ఉంటుందో తల్లులకు చెప్పక్కర్లేదు. డబ్బా చేపలు, నూడుల్సు, నిన్నటి అన్నం. ఆమె ఏమీ అనదు. సంచిలోంచి కూరగాయలు తీసి పెడుతుంది. ఈలోగా ఓ కుర్రాడు కాలు చాటున పెట్టుకుని కూర్చుంటాడు. ఏమైందిరా అంటే ఏం లేదంటాడు. చూస్తే చీలమండ దగ్గర గీరుకున్న పుండు. ఆ వేడికి, ఆ తేమకు చిన్న గీత కూడా రెండు రోజుల్లో చీము పడుతుంది. ఆమె నర్సుగా పనిచేసిన మనిషైతే ఆ కుర్రాడి అదృష్టం. చేతులు కడుక్కుంటుంది. సబ్బు నీళ్లతో పుండు కడుగుతుంది. ఎర్రదనం ఎంతవరకు పాకిందో పెన్నుతో చర్మం మీద గీత గీస్తుంది. రేపటికి ఎరుపు ఈ గీత దాటితే నాకు ఫోన్ చేయి, డాక్టరు దగ్గరికి వెళ్దాం అంటుంది.

పెన్నుతో గీత. దానికి ఖర్చేముంది? కానీ ఆ గీత ఎక్కడ గీయాలో తెలియడానికి ఒక జీవితం పట్టింది.

ఈ కుర్రవాళ్లకు ఇంటి మీద బెంగ కూడా ఎక్కువ. చాలా ఏళ్లపాటు వాళ్లు ఇంటికి ఫోను చేసుకునేది ఏడాదికి రెండే సార్లు. క్రిస్మస్ రోజు ఒకసారి, మదర్స్ డే నాడు ఒకసారి. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి మాట్లాడుకోనిస్తున్నారు. ఆ మార్పు మంచిదని నా గట్టి నమ్మకం. అయినా ఫోనులో వినబడే తల్లి వేరు, ఎదురుగా కూర్చుని అన్నం పెట్టే పెద్దావిడ వేరు. ఆదివారం సాయంత్రం ఆ దంపతుల ఇంట్లో పది మందికి వంట అవుతుంది. ఆదివారం వాళ్లు ఏమీ కొనరు. అందుకని శనివారమే సంత చేసుకుంటారు. సోమవారం కుర్రవాళ్లకు బట్టలు ఉతుక్కునే రోజు. ఆ రోజు ఈ పెద్దవాళ్ల వాషింగ్ మెషిన్ ఆగకుండా తిరుగుతుంది.

మరి పెద్దవాళ్ల బెంగ సంగతేమిటి? అదీ ఉంటుంది. అపియాలో సోమవారం పొద్దున్న ఎనిమిదైతే యూటాలో ఇంకా ఆదివారం మధ్యాహ్నమే. వీళ్లు వారం పని మొదలుపెడుతూ ఫోను చేస్తే అక్కడ మనవలు చర్చి నుంచి వచ్చి భోజనాల దగ్గర ఉంటారు. ఆ గోల అంతా ఫోనులో వినబడుతుంది. వీళ్లు లేనప్పుడే మనవరాలు పుడుతుంది. వీళ్లు లేనప్పుడే అన్నగారు పోతారు. ఇవి చిన్న నష్టాలు కావు. సేవ అనే మాటతో వాటిని కప్పేయకూడదు. వెళ్లేముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవలసిన సంగతులు ఇవి.

ఇద్దరూ అన్నాను. ఆ మాట దగ్గర కాస్త ఆగుతాను. మన ఇళ్లలో ఆయన వెళ్దామన్నారు, నేను సరేనన్నాను అనే మాట చాలాసార్లు వింటాం. ఇలాంటి ప్రయాణానికి అది పనికిరాదు. ఉద్యోగం రోజుల్లో ఆయన పొద్దున్న వెళ్లి సాయంత్రం వచ్చేవారు. ఆమెకు తన పని, తన ఇరుగుపొరుగు ఉండేవి. ఇప్పుడు ఇరవై నాలుగు గంటలూ ఒకే గది, ఒకే కారు, ఒకే పని. ఆయనకు ఆఫీసులో కుర్చీ దొరికి, ఆమెకు ఏ పనీ లేకపోతే ఆ దంపతులు మూడో నెలలోనే తిరుగు టికెట్టు చూసుకుంటారు. అందుకే నేను చెప్పే చేతనైన పని ఇద్దరికీ విడివిడిగా ఉండాలి. వెళ్లేముందు ఒక పని చేయండి. చెరో కాగితం తీసుకోండి. ఒకరిది ఒకరు చూడకుండా, నాకు బాగా చేతనైన పనులేమిటి అని రాసుకోండి. తర్వాత కాగితాలు మార్చుకోండి. ఆమె కాగితంలో వంట అని ఒక్క మాటే ఉంటే ఆయన దాన్ని తిరిగి ఇచ్చేయాలి. ఇంకా రాయి అనాలి. ఇంటి జమాఖర్చులు ఎవరు రాశారు? అత్తగారు మంచాన పడితే ఎవరు చూశారు? పిల్లల పెళ్లిళ్లకు మూడు వందల మందికి ఏర్పాట్లు ఎవరు చేశారు? ఇవన్నీ ఏ సేవా సంస్థకైనా కావలసిన పనులే.

ఇక రెండో సగం. అడిగిన చోట. ఇది మొదటిదానికన్నా కష్టం.

దీనికి చక్రాల కుర్చీ ఉదాహరణ చెబుతాను. ఈ చర్చికి సేవా విభాగం ఒకటుంది. ఏ మతంవారికైనా సాయం చేస్తుంది. చాలా దేశాల్లో నడవలేనివారికి చక్రాల కుర్చీలు ఇస్తుంది. ఆ పనిని అక్కడ ఉండి చూసుకునేది చాలాచోట్ల సీనియర్ దంపతులే. చక్రాల కుర్చీ ఇవ్వడంలో ఏముంది, కొని ఇస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. మనిషి తుంటి వెడల్పు కన్నా కుర్చీ వెడల్పు ఎక్కువైతే ఒక పక్కకు ఒరిగిపోతారు. కొన్నాళ్లకు వెన్ను వంగవచ్చు. పాదాలు పెట్టుకునే పలక ఎత్తు తేడా వస్తే బరువంతా ఒకేచోట పడుతుంది. అడుగున సరైన దిండు లేకపోతే, స్పర్శ లేని మనిషికి పుండు పడినా తెలియదు. ఆ పుండే ప్రాణం తీస్తుంది. మట్టి రోడ్డు ఊరికి ఆసుపత్రి వరండాలో తిరిగే సన్న చక్రాల కుర్చీ ఇస్తే మొదటి వానకే మూలన పడుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో దీనికి మార్గదర్శకాలు రాసింది. ముందు మనిషిని కొలవాలి. కుర్చీని ఆ మనిషికి సరిచేయాలి. వాడడం నేర్పాలి. కొన్నాళ్లకు మళ్లీ వెళ్లి చూడాలి.

ఇప్పుడు చెప్పండి, ఇందులో ఆ పెద్ద దంపతుల పాత్ర ఏమిటి? కొలతలు తీసేది వాళ్లు కాదు. ఆ పని తెలిసిన స్థానికులు ఉంటారు. లేకపోతే శిక్షణ ఇప్పించి తయారు చేస్తారు. మరి వీళ్లేం చేస్తారు? అడుగుతారు. ఆసుపత్రివాళ్లను అడుగుతారు, మీకు ఏ రకం కుర్చీలు కావాలి? ఎన్ని? మరమ్మతు ఎవరు చేస్తారు? రేవులో కంటైనరు దిగితే సుంకం కాగితాలు ఎవరు చూస్తారు? ఆర్నెల్ల తర్వాత ఇంటికి వెళ్లి ఎవరు చూస్తారు? ఇవి పేరొచ్చే పనులు కావు. ఫోటోలో పడేది కుర్చీలో కూర్చున్న పిల్ల మొహంలోని సంతోషం. ఆ ఫోటో వెనకాల ఒక పెద్దాయన రేవు ఆఫీసులో బల్ల మీద కూర్చుని నాలుగు రోజులు వేచి ఉంటాడు. అడిగిన చోట పని చేయడం అంటే అదే. మనకు నచ్చిన చోట కాదు. ఫోటో వచ్చే చోట కాదు.

తిరుమలలో శ్రీవారి సేవకు వెళ్లినవారికి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. దర్శనం క్యూలో వేస్తారో, అన్నప్రసాదం హాల్లో వేస్తారో, సామాన్ల గది దగ్గర వేస్తారో మన చేతిలో లేదు. వేసిన చోట నిలబడాలి. సేవకు దేశం దాటి వెళ్లినా పద్ధతి మారదు.

ఇంకొకరిని తలుచుకోవాలి. ఆమె మిషనరీ కాదు. వెంట భర్త కూడా లేరు, అప్పటికే పోయారు. కానీ నేను చెప్పే మాటకు ఆమెను మించిన ఉదాహరణ దొరకదు. లిలియన్ కార్టర్. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ గారి తల్లి. 1966లో పీస్ కోర్ అనే అమెరికా ప్రభుత్వ సేవా సంస్థ తరఫున మన దేశం వచ్చారు. అప్పటికి ఆమె వయసు 68. బొంబాయి పక్కన విక్రోలిలో రెండేళ్ల దాకా పనిచేశారు. ఆమె చదువుకున్నది నర్సు పని. చేసిందీ నర్సు పనే. ఆ వయసులో కొత్త విద్య నేర్చుకుని జనాన్ని ఉద్ధరిస్తానని ఆమె రాలేదు. తన చేతిలో ఉన్న విద్యను, రోగులు వరసకట్టి నిలబడ్డ క్లినిక్‌లో పెట్టారు.

ఇక సమోవాకూ మనకూ ఒక నిజమైన బంధం ఉంది. అది చెప్పకుండా ముందుకు పోలేను. ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు అని హైదరాబాద్ దంపతులు. ఎడ్విన్ గారు కీటకశాస్త్రవేత్త. ఉద్యోగ రీత్యా సమోవాలో ఉండేవారు. 1977లో అక్కడే ఈ చర్చిలో చేరారు. 1978 డిసెంబరులో ఇద్దరూ మిషనరీలుగా హైదరాబాద్ వచ్చారు. కొద్దికాలమే ఉన్నారు. వాళ్ల కుటుంబంవాళ్లు 22 మంది అప్పుడు బాప్తిస్మం తీసుకున్నారు. మన దగ్గర ఈ చర్చి వేళ్లూనడానికి అది ఒక ముఖ్య కారణం. 2012లో ఈ చర్చి మన దేశంలో తన మొదటి స్టేక్‌ను, అంటే అనేక సంఘాలు కలిసిన పెద్ద విభాగాన్ని, ఏర్పాటు చేసింది కూడా హైదరాబాద్‌లోనే. వాళ్ల విశ్వాసం సంగతి పక్కన పెట్టి పని సంగతి చూడండి. ఆ దంపతులకు తెలుగు కొత్తగా నేర్చుకునే అవసరం లేదు. ఎవరింటికి ఏ వేళ వెళ్లాలో, ఎవరిని బాబాయ్ అనాలో, ఎవరి ముందు కూర్చోకూడదో తెలుసు. అమెరికా నుంచి వచ్చిన వాళ్లకు అది పదేళ్లకు కూడా పట్టుబడదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. సేవను నమ్మకానికి ఎర చేయకూడదు. నువ్వు మా మతంలోకి వస్తేనే కుర్చీ ఇస్తాను, నీళ్లు ఇస్తాను అంటే అది సేవ కాదు. ఏ మతంవారు చేసినా తప్పే. అలాగే దేశాల చట్టాలు ఉంటాయి. మన దేశంలో మిషనరీ పనికి వచ్చే విదేశీయులకు మిషనరీ వీసా అని వేరే ఉంది. టూరిస్టు వీసా మీద వచ్చి ఆ పని చేయకూడదు. మనం బయటికి వెళ్లినా అంతే.

ఈ చివరి మాట ఎందుకన్నానంటే, బయటికి వెళ్లే తెలుగు దంపతులు ఇప్పుడు ఎంతోమంది ఉన్నారు. కూతురి పురిటికి వెళ్తారు. కొడుకు ఇల్లు కొంటే వెళ్తారు. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో, మెల్‌బోర్న్‌లోనో నెలల తరబడి ఉంటారు. పిల్లలు ఆఫీసులకు వెళ్లాక ఇల్లు నిశ్శబ్దం. కారు నడపడం రాదు. టీవీ, వాట్సాప్, కిటికీ. నన్ను అడిగితే, మనవాళ్లలో పనికొచ్చే శక్తి ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే. లెక్కల మేష్టారు అక్కడ సోఫాలో కూర్చుని ఉంటారు. రెండు వీధుల అవతల తెలుగు పిల్లలకు లెక్కలూ తెలుగూ చెప్పేవాళ్లు లేరని గుడిలో బోర్డు పెట్టి ఉంటారు. మధ్యలో ఎవరూ అడగరు, ఈయనా చెప్పరు. అయితే విజిటర్ వీసా మీద జీతం తీసుకుని పని చేయకూడదు. ఉచితంగా చేసే సేవకు కూడా కొన్ని షరతులు ఉంటాయి. ముందు సంస్థవాళ్లను రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

ఆరోగ్యం మాట కూడా దాచుకోకుండా చెప్పుకోవాలి. సమోవాలో పెద్ద జబ్బు చేస్తే న్యూజిలాండ్ పంపిస్తారు. అంత దూరం విమానం ఎక్కే స్థితి ఉండాలి కదా. అందుకే వెళ్లేముందు ఆ చర్చి అన్ని పరీక్షలు అడుగుతుంది. గుండె, కళ్లు, పళ్లు. పళ్లను తేలిగ్గా తీసుకోకండి. పరాయి దేశంలో పన్ను నొప్పి మొదలైతే దాని ఖరీదు నెల అద్దెను మించిపోవచ్చు. వాడే మందులు ఆ దేశంలో దొరుకుతాయా, ఏ పేరుతో దొరుకుతాయి, ఎన్ని నెలలవి వెంట తీసుకెళ్లనిస్తారు అన్నది డాక్టరుతో రాయించుకోండి. ఇద్దరి మందుల చీటీలు ఇద్దరి దగ్గరా ఉండాలి. ఒకరు పడిపోతే రెండోవారు చూపించగలగాలి.

మీలో ఎవరికైనా ఇలా వెళ్లాలని ఉంటే, దేశం దాకా ఎందుకు, పక్క జిల్లాకే వెళ్లాలని ఉన్నా సరే, ముందు చెరో కాగితం రాయండి. చేతనైన పని ఏదో తేల్చుకోండి. తర్వాత ఆ సంస్థకు ఫోను చేసి మేం ఇది చేస్తాం అని చెప్పకండి. మీకు ఏం కావాలి అని అడగండి. వాళ్లు చెప్పింది మీ కాగితంలో ఉంటే ఒప్పుకోండి. లేకపోతే మర్యాదగా ఇంకో చోటు చూసుకోండి. అప్పుడు ఇంకొక్క ప్రశ్న అడగండి. మా గడువు అయిపోయి మేం వచ్చేశాక ఈ పని ఎవరు చూసుకుంటారు? ఫలానా అమ్మాయి, ఫలానా అబ్బాయి అని పేరు చెబితే, మొదటి రోజు నుంచే ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని పని మొదలుపెట్టండి. ఎవరూ లేరంటే, అలాంటి మనిషిని వెతికి తయారు చేయడమే మీ మొదటి ఆరు నెలల పని అని ముందే వాళ్లతో ఒప్పందం చేసుకుని, ఆ తర్వాత టికెట్లు కొనుక్కోండి.